బడిత్రోవ – పెద్దల బాధ్యత

జూన్ మాసమున బడులు తెరచినది మొదలు వేసవి సెలవులు వచ్చువరకు, ప్రతిదినమును ఉదయము ఎనిమిది తొమ్మిది గంటల నడుమ మన పట్టణములలోని వీథులు కొంతసేపు పిల్లలవి యగును. పసుపుపచ్చని బస్సులు, పుస్తకాల సంచులు ఇరువైపుల వ్రేలాడు ఆటోలు, ముందొకరు వెనుక ఇద్దరుగా సాగు మోటారు సైకిళ్లు, ఒకరి హ్యాండిలు నొకరు రాచుకొనుచు పోవు సైకిళ్లు, చేయి చేయి పట్టుకొని నడచిపోవు అక్కాచెల్లెళ్లు – ఇందరును ఒక్క గంటలో ఒక్క త్రోవనే పోవలసియున్నారు. ఆ త్రోవనే ఇసుక లారీలును, కాలేజీ కుర్రల బైకులును, ఆఫీసునకు వేళ మించిన కార్లును పరుగులు తీయుచుండును. త్రోవ ఒక్కటే గాని, ఆ త్రోవను ఏలువారు పెద్దలు. ఆ ఏలుబడిలో ఒదిగి బ్రదుకవలసినవారు పిల్లలు.

ఆ ఏలుబడి ఎంత నిర్దయమైనదో లెక్కలు చెప్పుచున్నవి. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ ప్రకటించిన వివరములను బట్టి, 2022 సంవత్సరమున మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో పదునెనిమిదేండ్లు నిండనివారు 9,500 మందికి పైగా కలరు. సగటున దినమునకు ఇరువదియారుగురు. వీరందరును బడికి పోవుచునో బడి నుండి వచ్చుచునో మరణించినవారు కారు గాని, పిల్లలను ప్రతిదినమును రోడ్డు మీదికి తెచ్చు కార్యములలో చదువును మించినది లేదు. ప్రపంచమంతటిని గణించి చూచినను, ఐదేండ్లు మొదలు ఇరువదితొమ్మిదేండ్ల వరకు గల వయస్సువారి మరణములకు ప్రథమ కారణము ఏ జ్వరమును గాదు, ఏ అంటువ్యాధియును గాదు, రోడ్డు ప్రమాదములే యని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

ఒక పిల్లవాడు రోడ్డుపై ప్రాణము కోల్పోయినపుడు మనము చెప్పుకొను మాటలు మూడు. చూచుకొనక అడ్డముగా పరుగెత్తినాడందుము. డ్రైవరు ఒళ్లు తెలియక నడిపినాడందుము. ఈ రెండును చాలనిచో తలవ్రాత యని నిట్టూర్తుము. ఈ మూటిలో మొదటిది సత్యము గాదు. రెండవది సగము సత్యము. మూడవది సత్యమును వెదకుట మానుకొనుటకు మనము కల్పించుకొన్న సాకు. పిల్లవాని ప్రాణము రోడ్డుపై పోవుటకు పూర్వమే, ఇంటిలోనో, బడి కార్యాలయములోనో, బండి షెడ్డులోనో ఎవరో పెద్దవారు చేసిన నిర్ణయమొకటి తప్పక యుండును. ఆ నిర్ణయములను ఒక్కొక్కటిగా పరిశీలించుటయే ఈ వ్యాసమున సంకల్పము.

మొదట పిల్లవాని తప్పిదమను మాటను విచారింతము. స్వీడను దేశమునకు చెందిన స్టీనా సాండెల్స్ అను విదుషి, చిన్నపిల్లలు వీథులలో ఎట్లు మెలగుదురో పెక్కేండ్లు పరిశీలించి, 1968 లో ఒక గ్రంథమును ప్రకటించెను. ఎంత బోధించినను చిన్నపిల్లలను వాహనముల రద్దీకి తగినట్లు తీర్చిదిద్దుట సాధ్యము కాదనియు, రద్దీనే పిల్లలకు తగినట్లు సవరింపవలయుననియు ఆమె తేల్చిన సారాంశము. ఏలయన, ఇది బుద్ధికి సంబంధించిన లోపము గాదు, ఎదుగుదలకు సంబంధించిన ధర్మము. ఆరేండ్ల పిల్లవాని కన్ను నేలకు ఇంచుమించు మూడున్నర అడుగుల ఎత్తున నుండును. ప్రక్కన నిలిపిన కారు వానికి గోడయే. ఎదుటినుండి వచ్చు బండి ఎంత దూరమున నున్నదో వాడు చెప్పగలడు గాని, ఎంత వేగముగా వచ్చుచున్నదో అంచనా వేయజాలడు. హారను వినిపించినను అది ఏ వైపునుండి వచ్చినదో తెలిసికొనుటలో తడబడును. అన్నిటికంటె ముఖ్యమైనది, వాని మనస్సు ఒకేసారి రెండు విషయములపై నిలువదు. రోడ్డుకు ఆవలి ప్రక్క తాతగారు కనబడినచో వానికి తాతగారే కనబడుదురు, నడుమ రోడ్డు కనబడదు. పదేండ్లు దాటిన పిమ్మట గాని ఈ శక్తులు కుదురుకొనవు. ఇట్టి వానిని పట్టుకొని చూచుకొనవలదా యని మందలించుట, ఈత రానివానిని నదిలో దింపి ఈదలేకపోయినాడని నిందించుట వంటిది.

పిల్లవాడు బస్సు దిగు క్షణమును కొంచెము దగ్గరనుండి చూతము. యూకేజీ చదువు పాప ఎడమవైపు మెట్లు దిగినది. ఇల్లు రోడ్డుకు అవతల నున్నది. అవతలి గట్టున నాయనమ్మ నిలుచుండి, చేయి ఊపుచు, "రా తల్లీ" యని పిలుచుచున్నది. పాప బస్సు ముందునుండి రెండడుగులు వేసినది, చేతిలోని నీళ్ల సీసా జారి బంపరు క్రిందికి దొర్లినది, పాప వంగినది. ఎత్తైన ఆసనమున కూర్చున్న డ్రైవరునకు బంపరు క్రింద నేల కనబడదు. అతని చూపు కుడివైపు అద్దములో వెనుకనుండి వచ్చు వాహనముల మీద నున్నది. ఖాళీ దొరికినంతనే అతడు బండిని కదల్చును. ఇచ్చట నాయనమ్మకు గాని, పాపకు గాని, తుదకు డ్రైవరునకు గాని దుర్బుద్ధి ఏమియు లేదు. లేనిదల్లా పాపను చేయి పట్టుకొని రోడ్డు దాటించి, నాయనమ్మ చేతికి అప్పగించి, వెనుకకు వచ్చి రైట్ చెప్పవలసిన ఆయా. ఆమె జీతమును మిగుల్చుకొనవచ్చునని బడి యజమాని ఏనాడో లెక్క వేసికొన్నాడు. పిల్లలు తమ బడి బస్సు చక్రము క్రిందనే పడి మరణించిరను వార్త ఏటేట మన పత్రికలలో వచ్చుచునే యున్నదనిన, అందుకు మూలము పలుమారు ఈ జీతపు లెక్కలోనే కలదు. అమెరికాలో స్కూలు బస్సు ఆగి, ఎర్రదీపములు వెలిగించి, ప్రక్కనున్న ఫలకమును చాచినచో సామాన్యముగా రెండు దిక్కుల వాహనములును నిలిచిపోవలయునని చట్టము. మన యొద్ద ఆగిన బస్సును ఎవరు ముందుగా దాటిపోవుదురా యని పోటీ.

ఇక డ్రైవరుల సంగతి. వేగమును గూర్చి అందరును మాటలాడుదురు గాని, వేగమనగా ఏమో లెక్క కట్టి చూచుకొనువారు తక్కువ. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో 11 మీటర్లు ముందుకు పోవును. 60 కిలోమీటర్ల వేగమున ఇంచుమించు 17 మీటర్లు. ఎదుట పిల్లవాడు ఉన్నాడని మనస్సు గ్రహించి, కాలు బ్రేకును చేరుటకు ఎంత చురుకైన డ్రైవరునకైనను సెకను పట్టును. అనగా, ఆ 17 మీటర్లును బ్రేకు పడకముందే గడచిపోయినవి. బండి నిలిచిపోవు దూరము దీనికి అదనము. గంటకు 50 కిలోమీటర్ల వేగమున వచ్చు కారు పాదచారిని ఢీకొన్నపుడు మరణము ఎంత సంభావ్యమో, ఆ వేగము 65 కు పెరిగినంతనే అది నాలుగున్నర రెట్లగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ధారించినది. బడి ముందు ఆదా చేసిన అర నిమిషము విలువ ఇంత.

వేగమునకు తోడు పరధ్యానము. 2014 జూలై 24 న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద, కాపలా లేని రైల్వే గేటును దాటుచున్న స్కూలు బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజరు రైలు ఢీకొనగా, డ్రైవరుతో కూడ పదిమందికి పైగా చిన్నారులు ప్రాణములు కోల్పోయిరి. నిత్యము నడుపు డ్రైవరు ఆనాడు రాకపోగా వేరొకరు బస్సును తీసికొని పోయిరని నాటి వార్తలు. నాలుగేండ్లు గడవకముందే, 2018 ఏప్రిల్ 26 న ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ జిల్లాలో అట్టి గేటు వద్దనే స్కూలు వ్యానును రైలు ఢీకొని పదుమువ్వురు పిల్లలు మరణించిరి. డ్రైవరు చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకొని యుండెనని ప్రాథమికముగా తెలియవచ్చినదని ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి నాడు చెప్పిరి. కాపలా లేని గేటు వద్ద బండిని ఆపి, క్లీనరో మరియొకరో దిగి, పట్టాల వరకు నడచిపోయి, రెండు దిక్కుల చూచి, రైలు వచ్చుట లేదని నిర్ధారించిన పిదపనే దాటవలయునని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 131 వ సెక్షనున స్పష్టముగా వ్రాసియున్నది. అది ఒక్క నిమిషపు పని. బ్రాడ్‌గేజి మార్గములలో కాపలా లేని గేట్లను పూర్తిగా తొలగించితిమని రైల్వేశాఖ 2019 ఆరంభమున ప్రకటించినది. అది సంతోషింపదగిన వార్తయే. కాని గేటు తొలగినది గాని చెవిలోని ఇయర్‌ఫోను తొలగలేదు. అది కూడళ్లకును, మలుపులకును, బైపాసులకును వచ్చి చేరినది.

డ్రైవరు ఒక్కనిదే నేరమనుట సగము సత్యమని పైన చెప్పితిని. అందుకు హర్యానాలోని మహేంద్రగఢ్ జిల్లాలో 2024 ఏప్రిల్ 11 న జరిగిన ఘోరము నిదర్శనము. కనీనా సమీపమున స్కూలు బస్సు బోల్తాపడి ఆరుగురు విద్యార్థులు మరణించిరి. డ్రైవరు మద్యము సేవించి యుండెనని ఆరోపణ. బస్సు ఫిట్నెస్ గడువు 2018 లోనే తీరిపోయినది. ఇంతకంటె విస్మయము గొల్పు సంగతి మరియొకటి పత్రికలలో వచ్చినది. ప్రమాదమునకు కొంచెము ముందు త్రోవలోని ఒక గ్రామమువారు డ్రైవరు స్థితిని గమనించి, బస్సును ఆపి, తాళములు లాగికొని, బడివారికి ఫోను చేసిరట. ఈ పూటకు పోనిండు, డ్రైవరును మార్చెదమని బడివారు చెప్పగా తాళములు తిరిగి ఇచ్చివేసిరట. ఆ తాళములు చేతులు మారిన క్షణముననే ఆ పిల్లల భవితవ్యము నిర్ణయమైనది. త్రాగినవాడు ఒకడే, కాని వానిని నియమించినవారు, తనిఖీ చేయనివారు, పోనిండు అన్నవారు, అది విని తాళములు ఇచ్చినవారు ఎందరు!

ఇట్టి నిర్ణయములలో మిక్కిలి తరచుగా కనబడునది పొదుపు. 1997 నవంబరు 18 న ఢిల్లీలో, కిక్కిరిసిన స్కూలు బస్సొకటి వజీరాబాద్ వంతెన మీదినుండి యమునలో పడిపోయి ఇరువదియెనిమిదిమంది పిల్లలు మృతి చెందిరి. దేశమంతయు కలతపడినది. ఆ యేడాది డిసెంబరులో సుప్రీంకోర్టు, ఎం.సి. మెహతా దాఖలు చేసిన వ్యాజ్యములో స్కూలు బస్సులకు నియమములు విధించినది. మనము నేడు చూచుచున్న పసుపురంగును, ముందు వెనుకల స్కూలు బస్సు అను వ్రాతయు, కిటికీలకు అడ్డు కమ్ములును, ప్రథమ చికిత్స పెట్టెయు, మంటలార్పు సాధనమును, గంటకు 40 కిలోమీటర్లు మించనీయని స్పీడు గవర్నరును, బస్సుపై బడి పేరు, టెలిఫోను నంబరును ఆ ఉత్తరువు ఫలములే. పెద్ద వాహనములను నడపుటలో కనీసము ఐదేండ్ల అనుభవము గల డ్రైవరునే నియమింపవలయుననియు, మితిమీరిన వేగమునకో, మద్యము సేవించి నడిపినందుకో ఒక్కసారి చలానా పడినవానిని నియమింపరాదనియు అందులో కలదు. పిల్లలను చూచుకొనుటకు బస్సులో మరియొకరు ఉండవలయుననియు కలదు. రెండు తెలుగు రాష్ట్రములలోను స్కూలు బస్సుల ఫిట్నెస్ గడువు మే 15 తో ముగియును. బడులు తెరచులోపల ప్రతి బస్సును బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఎదుట నిలిపి, సరిచూపించుకొని, కొత్త సర్టిఫికెట్టు తీసికొనవలయును. నియమములకు లోటు లేదు. జూన్ మాసమున నాలుగు దినములు తనిఖీలు, పత్రికలలో సీజు చేసిన బస్సుల ఫోటోలు; జూలై వచ్చుసరికి అంతయు సద్దుమణగును. తనిఖీకి కొత్త టైరు, తరువాత పాత టైరు. తనిఖీకి అనుభవజ్ఞుడగు డ్రైవరు, తరువాత తక్కువ జీతమునకు దొరికినవాడు.

బస్సు ఫీజు భరింపలేని తలిదండ్రులకు దిక్కు ఆటో. ముగ్గురు పెద్దలు కూర్చుండుటకు అనుమతి గల ఆ బండిలో పదిమంది, పండ్రెండుమంది పిల్లలు ఎక్కుదురు. డ్రైవరునకు ఇరుప్రక్కల ఒక్కొక్కరు, వెనుక సీటున నలుగురు, వారి ఒడులలో ముగ్గురు, ఎదుట వేసిన బల్లచెక్క మీద మిగిలినవారు, బయట కొక్కెములకు సంచులు. మలుపు తిరుగునపుడు డ్రైవరు మోచేయి ప్రక్కనున్న పిల్లవాని ప్రక్కటెముకలకు తగులుచుండగా హ్యాండిలు ఎట్లు తిరుగవలయును? ఆటోవానిని అడిగినచో, "ఏం చేయమంటారండీ, ఆరుగురిని ఎక్కించుకుంటే పెట్రోలు ఖర్చు కూడా రాదు" అనును. అతని మాటలో అబద్ధము లేదు. నెలకు ఇంత మాత్రమే ఇత్తుమని బేరమాడి తగ్గించినవారము మనము. ఆ తగ్గింపులోనే పండ్రెండవ పిల్లవాడు ఎక్కినాడని మనకు తెలియును. తెలిసియు మన పిల్లవానికి లోపలి సీటు ఇమ్మని మాత్రము చెప్పి ఇంటికి తిరిగి వత్తుము.

పొదుపు తరువాతది ముద్దు. తొమ్మిదవ తరగతి చదువు కుర్రవాడు స్కూటీ నడిపినచో తండ్రి మీసము మీద చేయి వేసికొనును; మా వాడికి పదమూడో యేటనే గేరు బండి వచ్చినదని చుట్టములకు చెప్పుకొనును. ట్యూషను దూరమను నెపమున బండి తాళములు వాని చేతిలో పడును. వెనుక ఇద్దరు స్నేహితులు ఎక్కుదురు. హెల్మెటు ఇంటిలో మేకునకు వ్రేలాడుచుండును. చట్టప్రకారము పదునెనిమిదేండ్లు నిండువరకు ఈ బండ్లకు లైసెన్సు లేదు. పదునారేండ్లకు అనుమతించునది గేరు లేని, 50 సీసీ మించని బండి మాత్రమే. మైనరు నడిపిన బండి వలన నేరము జరిగినచో తండ్రియో, సంరక్షకుడో, బండి యజమానియో దోషి యగునని 2019 నాటి సవరణ చెప్పుచున్నది. మూడేండ్ల వరకు కారాగారము, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు, ఆ పిల్లవానికి ఇరువదియైదేండ్లు నిండువరకు లైసెన్సు నిరాకరణము. శాసనకర్తలు ఇంత కఠినముగా వ్రాయుటలో ఆంతర్యమేమనగా, ఇట్టి ప్రమాదములలో తాళము తిప్పినవాడు పిల్లవాడైనను, తాళము ఇచ్చినవాడు పెద్దవాడని గుర్తించుట. అట్లే, నాలుగేండ్లు దాటిన ప్రతివారును బండిపై హెల్మెటు ధరింపవలయునని చట్టముండగా, తాను హెల్మెటు పెట్టుకొని, తన ముందు పెట్రోలు ట్యాంకు మీద కూర్చుండబెట్టుకొన్న బిడ్డను వట్టి తలతో తీసికొనిపోవు తండ్రులను ప్రతి కూడలిలోను చూచుచున్నాము.

చివరిది తొందర. బడి గంట ఎనిమిదిన్నరకు. ఇల్లు కదలుట ఎనిమిది ఇరువదికి. డివైడరు చుట్టి రావలసి వచ్చునని రాంగ్ రూటు. బడి గేటునకు ఎదురుగనే బిడ్డను దింపవలయునను పట్టుదలతో రోడ్డు మధ్యనే ఆపిన కార్లు. వాటి నడుమనుండి నడచి వచ్చు ఇతరుల బిడ్డలు. గేటు ముందరి ఈ చిక్కును కల్పించువారు పరాయివారు గారు, పిల్లలను భద్రముగా దింపవచ్చిన తలిదండ్రులే. ఇక ఫుట్‌పాతు ఉన్నచో దానిపై అంగళ్లు. జీబ్రా గుర్తులు ఉన్నచో వాటిపై ఆగిన బండ్లు. సర్వీసు రోడ్డు లేని బైపాసునకు ఆవలివైపున జిల్లా పరిషత్ హైస్కూలు. ఈ ఊరికి ఈ బడి ఎక్కడ కట్టవలయునో, ఈ రోడ్డు ఎటు పోవలయునో నిర్ణయించినవారును పెద్దలే గదా.

మార్పు సాధ్యమా యని సందేహించువారికి నెదర్లాండ్స్ దేశచరిత్ర సమాధానము. 1971 లో ఆ చిన్న దేశమున రోడ్డు ప్రమాదములకు మూడువేలమందికి పైగా బలియైరి; వారిలో నాలుగువందలకు మించి పిల్లలు. తన కుమార్తెను అట్లు పోగొట్టుకొన్న విక్ లాంగెన్‌హాఫ్ అను పాత్రికేయుడు, ఈ శిశుహత్యను ఆపుడని శీర్షిక పెట్టి 1972 లో ఒక వ్యాసము వ్రాసెను. ఆ శీర్షికయే ఉద్యమమునకు పేరైనది. తల్లులు, తండ్రులు, పిల్లలు వీథులలో బైఠాయించిరి, వాహనములను మళ్లించి వీథులలో ఆటలాడిరి, ప్రభుత్వము దిగివచ్చినది. నివాసవీథులలో పాదచారికే ప్రథమ స్థానమని 1976 లో చట్టముచే అంగీకరింపబడినది. సైకిళ్లకు వేరు బాటలు, బండ్లకు తగ్గిన వేగములు క్రమముగా ఏర్పడినవి. అక్కడ నేడు పిల్లలు సైకిళ్లపై నిర్భయముగా బడికి పోవుచున్నారనిన, ఆ ప్రజలు పుట్టుకతో క్రమశిక్షణ గలవారగుటచేత గాదు. ఒక తరమువారు తమ పిల్లల మరణములను తలవ్రాతగా అంగీకరింప నిరాకరించుటచేత.

మనము అంతదూరము పోవుటకు ముందు చేయదగిన పనులు, ఖర్చు లేనివే కొన్ని కలవు. బడిలో పేరెంట్స్ మీటింగు జరిగినపుడు మార్కులను గూర్చి అడుగు తలిదండ్రులు, బస్సు ఫిట్నెస్ సర్టిఫికెట్టును, డ్రైవరు లైసెన్సును, ఆయా పేరును గూడ అడుగుదురు గాక. ఆటోలో ఎక్కవలసిన పిల్లల సంఖ్యను తలిదండ్రులందరును కూడి నిశ్చయించి, అందుకు తగిన బాడుగను పంచుకొందురు గాక. చిన్నతరగతుల పిల్లలను పెద్దవారి చేతికే అప్పగించు నియమమును ప్రతి బడియు పాటించును గాక. జూన్‌లో జరుగు తనిఖీ జనవరిలోను జరుగును గాక. గేటు ముందు గాక, కొంచెము దూరముగా బండిని ఆపి, బిడ్డ చేయి పట్టుకొని నాలుగడుగులు నడుచుటకు పది నిమిషములు ముందుగా లేచినచో చాలును. త్రాగిన డ్రైవరును చూచి తాళములు తీసికొనువారు, ఎవరు చెప్పినను వాటిని తిరిగి ఈయకుందురు గాక. పిల్లలకు రోడ్డు దాటుట నేర్పవలసినదే. కాని అది వారు ఎదిగి నేర్చుకొనువరకు వారిని దాటించు బాధ్యత మనది. ఈ బాధ్యతను పిల్లల మీదికి నెట్టుటకు పెద్దలలో ఎవరికిని హక్కు లేదు.